పద్నాలుగో ప్రశ్న దగ్గర చిల్లు

ఉలాన్‌బాతర్ నుంచి రెండు రోజుల జీపు ప్రయాణం.
జవ్‌ఖాన్ కొండల్లో ఆ హాస్టల్‌కి
నేను మోసుకెళ్ళింది ఒక తూనిక.
తక్కెడ లేదు, రాళ్ళు లేవు,
ముప్పై ఒక్క ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన మూడు మాటలు:
లేదు. కొంచెం. అవును.
ఒకదానికి సున్నా చుట్టాలి, అంతే.

మైనస్ ముప్పై ఆరు. పెన్నుల్లో సిరా గడ్డకట్టింది.
పిల్లలు వాటిని చంకల్లో పెట్టుకుని పొదిగారు.
చివరికి పెన్సిళ్ళు పంచాను,
పెన్సిలుతో పాటు రబ్బరు కూడా.
పొరపాటు అక్కడే జరిగింది.

"నాకు తరచూ కడుపునొప్పి వస్తుంది."
తుగుల్దుర్ చెయ్యెత్తాడు:
ఆదివారం సాయంత్రాలు మాత్రమే వస్తే
దేనికి చుట్టాలి, టీచర్?
ఆదివారం సాయంత్రమే వాళ్ళ నాన్న మోటార్‌సైకిల్
వాణ్ణి గేటు దగ్గర దించి వెనక్కి తిరిగేది.
"కొంచెం" అన్నాను.
నా నోటితోనే అన్నాను.

"నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేను."
వెనక బెంచీలో నవ్వు.
మూడేళ్ళకే గుర్రమెక్కినవాణ్ణి
బల్లకు కట్టేసి అడుగుతున్నాం, నీ కుదురెంత అని.
వాడికి రెండు మార్కులు పడ్డాయి,
జబ్బు వైపు.

రాత్రి వార్డెన్ గదిలో కూడుతూ కూర్చున్నాను:
కోపం ఇంత, భయం ఇంత, స్నేహం ఇంత.
మా అమ్మమ్మ పిండి కొలిచేటప్పుడు
గిన్నె అంచు మీద వేలితో చదును చేసేది,
పొర్లింది పళ్ళెంలో పడేది.
ఇక్కడ పొర్లిందంతా ఎక్కడ పడుతోందో
చూడ్డానికి పళ్ళెం లేదు.

ఖాలియున్ కాగితం చేతికొచ్చింది.
పద్నాలుగు: "ఈ నెలలో ఒంటరిగా అనిపించింది."
చుట్టింది, చెరిపింది. మళ్ళీ చుట్టింది, చెరిపింది.
మూడు మాటలూ అరిగి, చినిగి
చొక్కా గుండీ అంత చిల్లు.
చిల్లులోంచి కింద ఉన్న తుగుల్దుర్ కాగితం
ఒక్క మాట చూపిస్తోంది,
సున్నా చుట్టిన "అవును".

జవాబు లేనిచోట మిగతా పిల్లల సగటు వెయ్యమంది
నా దగ్గరున్న పుస్తకం.
అంటే నలభై రెండు మంది ఒంటరితనాన్ని పోగేసి
తలా ఇంత అని పంచి
ఆ వాటాతో ఈ పిల్ల చిల్లు పూడ్చాలి.
పూడ్చాను. ఒకటి పాయింటు మూడు.

పొద్దున పిడకల బస్తా ఈడ్చుకుంటూ ఖాలియున్ ఎదురైంది.
పోయిన శీతాకాలం వాళ్ళ మంద
నిలబడ్డచోటే గడ్డకట్టిందట. రెండువందల పది.
ఆ లెక్క మాత్రం ఇక్కడ అందరికీ నోటికొచ్చు.

బస్తా రెండో కొస పట్టుకున్నాను.
కాళ్ళ కింద మంచు కిర్రుమంటోంది.
పొయ్యి దగ్గర దించాక అడిగింది:
"మీరూ రాశారా ఆ కాగితం? మీకెంత వచ్చింది?"
"రాయలేదు."

కోటు జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టింది
రబ్బరు, సగమే మిగిలింది.
"ఇది మీది" అంది.

జీపు కదిలాక చూశాను,
అరిగిన వైపు ఇంకా నల్లగానే ఉంది.