లాభం, రెండు, మూడు

ల్యాబులో అందరికీ వచ్చు.
మందులేని ఉత్తుత్తి ఇన్‌హేలర్ పట్టుకుని
ఊపడం, ఊపిరి వదలడం, నొక్కడం, పీల్చడం.
జ్ఞానసుందరి అయితే కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది.
పదికి పది వేసింది నేనే.

ఈరోజు గుంటూరు పెద్దాసుపత్రి, ఓపీ వరండా.
మిర్చియార్డు హమాలీ ఏడుకొండలు
భుజమ్మీది తువ్వాలు దులిపాడు.
మేమిద్దరం తుమ్మాం.

"అర్థమైందా?" అంది పిల్ల.
"అయిందమ్మా."
కాలేదని తెల్లకోటు ముందు ఎవరంటారు?
నేను గొంతు సవరించుకున్నాను.
"ఏదీ, చేసి చూపించు బాబాయ్."

నాలుక మీద కొట్టుకున్నాడు.
పీల్చకముందే తెల్లటి పొగ
పెదాల సందుల్లోంచి వెళ్ళిపోయింది.
ఆరు నెలలుగా ఇంతేనట.

కాయకాసిన ఆ బొటనవేలి మీద తన వేలు ఆనించి
"నొక్కు, లాగు, బిగపట్టు. నే లెక్కపెడతా.
ఒకటి..."
వద్దన్నట్టు చెయ్యూపాడు.
వెనక బల్ల మీంచి తోటి హమాలీ అందుకున్నాడు,
టిక్కీలు దించుతున్నట్టే:
"లాభం, రెండు, మూడు..."
పిల్ల గొంతు కలిపింది.
ఏడు దగ్గర తను తడబడితే
"ఆరున్నొకటి" అని దాటించాడాయన.

తొమ్మిది. పది.
వదిలాడు. పొగ లేదు.

నా మార్కుల కాగితంలో
లెక్క ఒకటితో మొదలని ఉంది.
కొట్టేశాను.