బొట్టుబిళ్ళ

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల
తుప్పువట్టిన కూలర్ల నడుమ పండవెట్టి ఉండె.
అమ్మేటాయనకు అదేందో తెల్వదు.
"పొగగొట్టం మేడం, గట్టి రేకు" అన్నడు.
పద్దెనిమిది వందలకు ఒక పొగగొట్టం కొనుక్కొని
ఆటోల అడ్డంగ పెట్టుకుంటే
వారాసిగూడ దాక దాని మూతి నా ఒళ్ళోనే.

మొదటి రాత్రి శనిగ్రహం
చాయ్‌ల నానిన ఉస్మానియా బిస్కెట్ లెక్క కనవడ్డది.

విప్పిన.
అడుగున ఆరంగుళాల అద్దం,
దాని మీద ఎవరింటి దుమ్మో, ఎన్నేండ్లదో,
పక్కన ఒక సాలీడు కాపురం.
రాణిగంజ్‌ల ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణంల
లెక్కలు రాసేదాన్ని నేను.
రెండు సీసాల డిస్టిల్డ్ వాటర్ నా ఖాతాలనే రాసుకొని తెచ్చి
చంటిపిల్లకు పోసినట్టు పోసిన.
తుడవద్దు. దూది కూడ బరువే.
గోడకు వాలిచ్చి, చుక్కచుక్క దానంతట అది దిగేదాక
ఎదురుంగ కూసొని
చిక్కుడుకాయల ఈనెలు తీసిన.

పెద్దద్దం నడిమధ్యన ఒక గుర్తుండాలె.
లేకుంటే రెండద్దాలు ఒకదాని మొకం ఒకటి చూసుకోవు.
కాయితం నాలుగు మడతలు పెట్టి, మూల కత్తిరిచ్చి
నడుమ ఎక్కడుందో దొరకవట్టిన.
గుర్తుకేం పెట్టాలె?
స్నానాలగది అద్దం అంచుకు
రోజూ అంటిచ్చి మర్చిపోయిన మెరూన్ బిళ్ళలు
పదకొండున్నయ్. చిన్నది ఒకటి తీసి పెట్టిన.
భయమేం లేదు, ఆ చోటు మీద ఎప్పుడూ
చిన్నద్దం నీడనే పడుతది,
చుక్కల వెలుగు ఎట్లనన్న అక్కడికి రాదు.

కిందింటి ఖుద్దూస్ భాయ్ టైలర్.
గొట్టం లోపట నలుపు కావాలె అంటే
ఎవరి పెండ్లి షేర్వానీలదో మిగిలిన మఖమల్
మీటరున్నర పరిచి, వేలితోటి నిమిరి చూపెట్టిండు:
"ఇటు దువ్వితే మెరుస్తది. అటు దువ్వితే మింగుతది."
మింగే దిక్కుకే అంటువెట్టినం.

దగ్గుమందు సీసా మూతకు కాల్చిన సూదితోటి బెజ్జం.
బెజ్జంల నా కన్ను, వెనక మరల మీద ఆయన చెయ్యి.
"కుడికి... ఇంకింత... అయ్యో, ఎక్కువైంది, వెనక్కి."
కాజాలు కుట్టే చెయ్యి అది, ఇసుక్కోదు.
గంటన్నరకు బొట్టు నడిచొచ్చి
బెజ్జం నడుమ కూసున్నది.

ఇగ స్లాబు.
పొద్దంత తాగిన ఎండను రాత్రి పదింటి దాక కక్కుతది,
చుక్కలు ఎసరు మీద మెతుకుల లెక్క ఎగురుతయ్.
మాపటికే ఎనిమిది బకెట్లు గుమ్మరిస్తే
ఓనరమ్మ వచ్చి మెట్ల మీద నిలవడ్డది,
నల్లా రోజు విడిచి రోజు వస్తదని
ఒక్క మాట అనకుంట చెప్పింది.
ఆరు బకెట్లు చేసిన.
అద్దం వెనక పాత కంప్యూటర్ ఫ్యాను.
ఫంక్షన్ హాలు లైటుకు అడ్డంగ నల్ల గొడుగు.
మూతి బరువైతుంటే తోకకు
కిరాణాకొట్టు అరకిలో తూకంరాయి, అడుక్కొచ్చింది.

కార్తీకంల, మబ్బులేని రాత్రి,
ఖుద్దూస్ భాయ్‌నే ముందు చూడమన్న.
సూదిల దారమెక్కిచ్చే లెక్క
ఒక కన్ను మూసి, ఊపిరి వట్టి వంగిండు.
శానసేపు ఏమనలే.
అటెనక, మెల్లగ,
"రింగుల కుట్టు విడిచింది, బేటీ.
చుట్టూత, సన్నగ. మన పని సక్కగ రాలే."

గుండె జారింది.
మరల చాబీ చేతుల వట్టుకొనే కన్ను పెట్టిన.

నిజమే. వలయం నడుమ నల్ల గీత,
వెంట్రుకంత, తెగకుంట.
నాలుగు నెల్లు కడిగి, అంటిచ్చి, తిప్పి, చల్లార్చి
ఈ విడిచిన చోటుకే వచ్చినం.

"అది మన తప్పు కాదు భాయ్.
అది అట్లనే ఉంటది."

ఆయన కండ్లద్దాలు అంగి కొసకు తుడుసుకున్నడు.
"అట్లనా. అయితే ముట్టకు."

చాబీ డబ్బల వేసిన.
కింద ఫంక్షన్ హాల్ల మర్ఫా మొదలైంది, తూకంరాయి సన్నగ వణికింది.
గొడుగు జానెడు జరిపినం.
మళ్ళ ఆయన వంతు.