నల్ల బండ మీద సూది

ఎర్రగుంట్ల టైల్సు షాపులో
అన్నీ పాలమీగడ రంగే చూపించినారు.
"గోడకూ నేలకూ మ్యాచింగక్కా" అన్నాడు పిల్లోడు.
ఇరవై రెండేండ్లు రవికలు కుట్టినదాన్ని,
మ్యాచింగ్ యాడ బెడిసికొడుతుందో నాకు తెలీదా?
పసుపు చీరకు పసుపు అంచేస్తే
అంచు ఉన్నట్టా, లేనట్టా?

హుసేనప్ప మేస్త్రీ బీడీ ఆర్పి
నిడుజువ్వి నుంచి నల్ల నాపబండలు దింపించినాడు.
గోడలకు సున్నం. ఉత్త సున్నం.
మా ఆడబిడ్డ గడప కాడనే నిలబడి
"ఇల్లా, బొగ్గుల కొట్టమా?" అనింది.

నడవా ఇరుగ్గా, తల వంచాల్సినంత కిందికి కట్టినాడు.
కొట్లాడినాను.
"వంగి రాకపోతే
హాలు పెద్దదని ఎట్ల తెలుస్తాదమ్మా?" అన్నాడు
తాపీ కడుగుతా.
ఒక గోడను చెక్కని రాయిగానే వదిలేసినాడు;
దాని పక్కనున్న నున్నటి గోడను
ఇప్పుడు పోతా వస్తా తడుముతాను.

మే నెల. బయట ఎండ తెల్లగా అరుస్తాంది.
లోపల, గవాక్షి కింద,
కంచమంత వెలుగు బండ మీద జరుగుతాంది,
దాని వెనకాలే మా పిల్లి.

నిన్న సాయంత్రం సూది జారింది.
పాత ఇంటి గచ్చు మీదైతే
మోకాళ్ల మీద అరగంట, అయస్కాంతం, తిట్లు.
ఇక్కడ వంగకముందే కనపడింది,
నల్లగుడ్డ మీద తొలి కుట్టు లెక్క.

ఆడబిడ్డే తీసిచ్చింది.
నేలను ఇంకోసారి చూసింది,
ఏమీ అనలేదు.