గింజల లెక్క

మా నాన్న దానియేలు తోళ్ళు ఊరేసేవాడు.
కోటిపల్లి రేవుకి ఎగువన,
తంగేడు చెక్క నానే తొట్ల పక్కన మా పాక.
ఏజెన్సీ నుంచి లాంచీలో దిగిన అడవిదున్న తోలు
నలుగురు మోస్తే ఉప్పునీళ్ళు కార్చుకుంటూ గట్టెక్కేది.
వెనకే జీపులో ఆ ఇద్దరూ,
రాజమండ్రిలో మొదలెట్టిన వాదన ఇంకా తెగకుండానే.

నీలాద్రిరాజు గారిది ఫోర్ నాట్ ఫోర్.
"తూటాకి బరువుండాలయ్యా.
ఎముక అడ్డొస్తే
ఎముకనడిగి పోకూడదు.
ఇటు దూరితే అటు వెలుతురు కనపడాలి."

బుల్లిరెడ్డి గారికి రైసుమిల్లు,
థర్టీ నాట్ సిక్సు.
"అటు పోయిన బలం ఎవడికండీ రాజుగారూ?
చేలోకి మళ్ళకుండా సముద్రంలో కలిసిన కాలవనీళ్ళు.
మెత్తమూతి తూటా అయితే లోపలికెళ్ళి విచ్చుకుంటుంది,
ఉన్నదంతా అక్కడే ఖర్చు పెడుతుంది."

నాలుగొందల గ్రెయిన్లని ఒకరు,
నూటెనభై చాలని ఒకరు.
గ్రెయినంటే గింజేనని రెడ్డిగారే చెప్పారు నాకు.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నమ్మాను.
కంసాలి అప్పలాచారి త్రాసు అడిగి తెచ్చి
ఒక పళ్ళెంలో తూటా,
ఒక పళ్ళెంలో అక్కుళ్ళ బియ్యం
ఒక్కొక్క గింజా వేసుకుంటూ పోయాను.
నూటెనభైకి ముల్లు కదల్లేదు.
మూడొందలకీ కదల్లేదు.
ఐదొందలు దాటాక కాస్త వణికింది.
అమ్మ చూసి, ఆ బియ్యం కడిగి
ఎసట్లో పోసేసింది.

"ఒరే దానియేలూ, నువ్వు చెప్పరా" అనేవారు
జీపులో కూర్చునే.
నాన్న చేతిలో కత్తి నేలకి దించి
"రెండూ మంచియ్యేనండి, ఆయ్" అనేవాడు.
తోలు తిరగేసి కండ గీకేటప్పుడు
అవతలి డొక్క దగ్గర చర్మం కిందే
దొరికేవి మెత్తమూతి తూటాలు,
గడ్డివాము కింద పుట్టగొడుగుల్లా విచ్చుకుని.
పౌడరు డబ్బాలో వేసేవాడు.
రాజుగారివి ఒక్కటీ దొరికేది కాదు.
చిల్లులే. వచ్చిన దారి, పోయిన దారి.

ఆ ఏడు గోదారి రెండుసార్లు పొంగింది.
నీళ్ళు తీశాక వచ్చిన తోలుకి ఐదు చిల్లులు.
దాంతోబాటు జాడ చూసే కొండరెడ్డి,
కత్తుల బాపిరెడ్డి కూడా దిగాడు.
ఎవరూ అడక్కుండానే అన్నాడు:
"మొదటి దెబ్బ తిన్నాక రెండు కొండలు నడిచిందండి.
ఒక రాత్రంతా వాగులో నిలబడింది.
నీళ్ళు తాగలేదు."

"భుజానికి తగిలితే మీ తూటా ఆగిపోయింది."
"మీది పొట్టలోంచి పోయిందిగా,
పోతే ఏం ఒరిగింది?"

నాన్న గీకుతూనే ఉన్నాడు.
మెడ వెనక, కత్తి టక్కుమంది.
చింతపిక్కంత సీసపు గుండు.
చుట్టూ తెల్లగా కొవ్వు పట్టి,
చర్మం దానికి చిన్న గది కట్టుకున్నట్టు.
పాతది. ఎన్నేళ్ళ నాటిదో.
నాటు తుపాకీలో కూరి పేల్చింది.

ఇద్దరూ జీపు దిగారు, మొదటిసారి.
అరచేతిలో దొర్లించి చూశారు.
ఒక క్షణం ఏ మాటా లేదు.
"పన్నెండు బోరు" అన్నారు రాజుగారు.
"పదహారు" అన్నారు రెడ్డిగారు.
మళ్ళీ దీపాలు పెట్టేదాకా అదే.

వాళ్ళు వెళ్ళాక బాపిరెడ్డి చెయ్యి చాపాడు.
ఎందుకని నాన్న అడగలేదు.
అతనూ చెప్పలేదు.
పంచె కొంగున ముడేసుకుని
తెల్లారి లాంచీ ఎక్కేశాడు.

డబ్బా నిండాక మిగతావన్నీ కరిగించి
పల్లిపేట ఓలేటి సత్తియ్యకి వలగుళ్ళు పోసిచ్చాడు నాన్న.
విసురువల రేవులో పడ్డప్పుడల్లా
ఒకేసారి జల్లుమని చప్పుడు.
వాటిలో ఏది ఏ కొండ మీద ఆగిందో
నాకు గుర్తుండేది కొన్నాళ్ళు.

తుపాకులు పోయాయి. చట్టం వచ్చింది.
రెడ్డిగారి మిల్లులో ఇప్పుడు రొయ్యల మేత.
తోళ్ళ తొట్లు పూడ్చి ఇళ్ళు కట్టుకున్నారు.
ఇప్పటికీ బియ్యం చెరుగుతుంటే
చెయ్యి ఆగుతుంది.
అన్నీ తూచాను గానీ ఆ గుండుని తూచలేదు.
అన్నేళ్ళు మెడ మీద మోసిన దున్నకి
అది ఎన్ని గింజలో.