పుత్తూరు కట్టు దగ్గర

ఆదివారం కాబట్టి జనం ఎక్కువ.
స్కూటరు మీంచి పడినోళ్లు, మామిడి కొమ్మ మీంచి జారినోళ్లు,
చెయ్యి మెడకు వేలాడేసుకుని ఏడుస్తా ఒక పిల్ల.
పసరు వాసన, పచ్చిగుడ్ల వాసన,
లోపల వెదురుబద్దలు చీల్చే చప్పుడు.
నా టోకెను నలభై ఒకటి.
కొత్త దెబ్బేం కాదు, పాత మోకాలే,
మబ్బు పడితే అలిగే మోకాలు.

ముప్పై తొమ్మిది అని పిలిచినారు.
ఎవురూ లెయ్యలేదు.
గోడకి ఆనుకున్న మనిషొకడు తల వంచుకుని
పెదాలతో ఏందో గొణుక్కుంటా ఉండాడు,
ఊపిరి తియ్యకుండా.
మెడ చూస్తానే తెలిసిపోయింది నాకు.
చెంగల్రాయుడు.

ఆ మెడని పదకొండేళ్లు చూసినా నేను.
వాడు చక్కెర ఫ్యాక్టరీ జట్టులో కూతకొచ్చేవాడు,
నేను బస్సు డిపో జట్టులో ఎడమ మూల.
అప్పుడు మాకు ఆటే ఉద్యోగం.
రిజిస్టర్లో నేను క్లీనరు, వాడు చెరుకు తూకం గుమాస్తా.
నేను బస్సు కడిగిందీ లేదు, వాడు చెరుకు తూచిందీ లేదు.
పొద్దున పరుగు, సాయంత్రం మట్టి,
రోజుకు ఆరు గుడ్లు,
గెలిస్తే తలా ఒక స్టీలు క్యారియరు.
మా ఇంట్లో ఇంకా నాలుగుండాయి.
మూడింటికి మూతల్లేవు.

ముప్పై మూడేళ్లకు ఆట అయిపోయింది.
ఆ మర్నాడే నిజంగా బస్సులు కడగమన్నారు.
కడిగినా.
పైపు పట్టుకున్న చేతులకి
ఎవుడి కాలూ తగిలేది కాదు, అదొకటే కష్టం.
ఫ్యాక్టరీ మూతబడినాక చెంగల్రాయుడు
మామిడిగుజ్జు కంపెనీలో రాత్రి కాపలా అని విన్నా.
ఇమాంబాషాకు పీలేరులో టీకొట్టు.
కన్నియప్ప పోయినాడు, గుండె.
పేపర్లో రెండు లైన్లు వేసినారు, అందులో పేరు తప్పు.

"నాయన మీకు తెలుసునా?" అనింది కూతురు.
మెట్టు దిగతా పడినాడంట. మడమ.
"రాయవేలూరులో తలకి స్కాను తీసినారు సార్,
ఆటలో తగిలిన దెబ్బలన్నీ
ఇప్పుడు లెక్కకొస్తా ఉండాయంట.
నన్ను ఒకోసారి అక్కా అంటాడు."

కట్టు కట్టే పెద్దాయన మడమ నిమిరినాడు,
ఒకచోట వేలు ఆపినాడు.
"ఈడ ముందే ఒక కట్టు పడిందే.
ఎవురో ఉడుం పట్టు పట్టినట్టుండారు."

నేనే సామీ.

చిత్తూరు మైదానంలో, లైట్ల కింద, ఫైనల్లో
వాడి మడమ నా రెండు చేతుల్లో.
పడేటప్పుడు వాడి నడిమివేలు గీత తాకింది.
సున్నం చెదిరింది.
నేను చూసినా, రెఫరీ చూడలా.
మాకు కప్పు.
ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ సున్నప్పొడి
నా కంట్లోనే ఉండాది, నలుసు మాదిరి.

పక్కన కూర్చుని చెప్పేసినా.
"చెంగా, ఆ పొద్దు నువ్వు గీత తాకినావురా."

చానాసేపు నా మొగం చూసినాడు.
"ఏ ఆటప్పా?" అన్నాడు.
మళ్లీ, కొత్త మనిషిని అడిగినంత మర్యాదగా,
"మీరు గెలిచినారా?"

ఔనంటే అబద్ధం, కాదంటే అబద్ధం.
కూతురు గుడ్ల డబ్బులు లెక్కబెడతా ఉండాది.

కట్టు మీదకి చెప్పు ఎక్కలా.
కింద కూర్చుని వాడి మడమ పట్టుకున్నా,
రెండు చేతులా, అదే పట్టు.
ఇంకో రకంగా పట్టడం నాకు రాదు.
ఉన్నట్టుండి కాలు బిగుసుకుంది.
వెనక్కి గుంజింది.
నా పేరు మరిచినాడు గానీ
ఆ కాలు నన్ను మరవలా.
పెదాలు మళ్లీ మొదలుపెట్టినాయి,
కూత,
తెగకుండా, సన్నగా,
ఎనకాల యాడో వాడికి మాత్రమే కనబడే గీత వైపు.

వదిలేసినా.

నలభై ఒకటి, నలభై ఒకటి అని
లోపల్నించి అరస్తా ఉండారు.