పన్నెండో వరుస

మా బ్యాంకు ఖజానాకు చీజు వాసన.
పార్మా ఊరి బయట, పొగమంచులో, కిటికీల్లేని గోదాము.
తప్పెటంత గుండ్రం, డోలంత మందం,
ఒక్కోటి ముప్పై ఎనిమిది కిలోలు,
నేల నుంచి కప్పు దాకా అరలు.
ప్రతిదీ ఎవరిదో ఒకరి అప్పుకు పూచీ.

నా పని వాటిని తట్టడం.
చిన్న సుత్తితో, చెవి ఆనించి,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
బోలుగా పలికితే లోపల పగులు.
పాతికేళ్ళుగా తడుతున్నాను.
నా మోకాళ్ళను మాత్రం ఎవరూ తట్టి చూడలేదు.

పన్నెండో వరుస ఎర్మెతే గందోల్ఫీది.
నాలుగు వందల పది.
పాల ధర పడి, దాణా ధర లేచిన ఏడు తెచ్చి పెట్టాడు.
లారీ దిగుతుంటే ఒక్కోదాని మీదా చెయ్యి వేశాడు,
హాస్టల్లో దింపే పిల్లల్ని లెక్కపెట్టుకున్నట్టు.

బంగారం తాకట్టు పెడితే నిద్రపోతుంది.
పొలం పెడితే కలుపు మొలుస్తుంది.
ఇది మాత్రం మా చీకట్లో, మా చలిలో
పండుతుంది.
వడ్డీ, రుచీ ఒకే గదిలో
పోటీపడి పెరుగుతాయి.

గడువు దాటింది.
ఒక ఉత్తరం వెళ్ళింది.
రెండోది కోర్టు మనిషి చేత వెళ్ళింది.
జవాబు రాయలేదు ఎర్మెతే, తనే వచ్చాడు,
తడిసిన టోపీ చేతిలో నలుపుకుంటూ.
"మొత్తం మీరే ఉంచేసుకోండి. బాకీ కొట్టేయండి.
వేలం కాగితం మీద నా పేరు చూడలేను."

మా మేనేజరు ఓర్నెల్లా కళ్ళద్దాలు తుడుచుకుంది.
"కుదరదు ఎర్మెతే.
దాచే హక్కుంది, అమ్మే హక్కుంది,
నీ మిగతా అప్పులవాళ్ళకంటే ముందు నిలబడే హక్కుంది.
మింగే హక్కు లేదు.
అమ్మి, మాది మేం తీసుకుని,
మిగిలింది నీ చేతిలో పెట్టాలి."
మిగిలితే, అని నేను మనసులో అనుకున్నాను.

వేలం ముందురోజు రాత్రి మళ్ళీ తట్టాను,
ఎవరూ అడగకుండానే, అన్నిటినీ.
కొనేవాడు పెట్టే వంక ముందు నాకు తెలియాలని.
మూడు బోలుగా పలికాయి.
ఇంకోసారి తట్టాను.
మూడే.
పక్కకు తీశాను.

మొడెనా వ్యాపారులిద్దరు పంతానికి పోయారు.
అసలు, వడ్డీ, గోదాము అద్దె, వేలం ఖర్చు,
ఆఖరికి నా సుత్తి కూలీ కూడా పోగా
ఒక అంకె మిగిలింది.
రెండు చూలి ఆవుల ధర.

చెక్కు వెనక్కి తిప్పి చూశాడు ఎర్మెతే,
ఇంకేదో షరతు ఉంటుందని.
"ఇది నాదా?"
"ఎప్పుడూ నీదే," అంది ఓర్నెల్లా,
విసుగ్గా, సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తూ.

పగిలిన మూడింటినీ తీసుకుపొమ్మన్నాం.
రెండు బండెక్కించాడు.
మూడోది నా బల్ల మీద పెట్టి
పగులు మీదే కత్తి గుచ్చాడు.
విచ్చుకుంది. ఎండుగడ్డి వాసన, ఉప్పు.
ముగ్గురం నిలబడే తిన్నాం.
ముందు వద్దన్న ఓర్నెల్లా
రెండో ముక్కకు చెయ్యి చాచింది.

సోమవారం పన్నెండో వరుసకు
వేరే పేరున్న చీటీ అంటించాను.
జిగురు ఆరకముందే
తట్టడం మొదలుపెట్టాను.