సీసం

పట్నంబజారులో మా నాన్న వీరభద్రాచారి
కాటాలు బాగుచేసేవాడు.
కొట్లో దేవుడి పటం లేదు.
తాతయ్య కొట్టిన మేకు మాత్రం ఉంది,
దానికి పటకారు తగిలించేవాడు.

తూకం రాయిలో గుంట,
గుంటలో సీసం, సీసం మీద సర్కారు ముద్ర.
"ముద్ర వేశారు కాబట్టి ఇరవై కిలోలా,
ఇరవై కిలోలు కాబట్టి ముద్ర వేశారా?"
టీ చల్లారేదాకా నన్నడిగేవాడు.
నాకు తొమ్మిదేళ్ళు. బన్ను మీదే ధ్యాస.

అమ్మ పెద్దాసుపత్రిలో ఉన్న ఎండాకాలం
కమిషన్ కొట్టు పూర్ణయ్య ఒక రాయి పంపాడు.
ముద్ర చెరక్కుండా అడుగునుంచి తొలిచి
పావుకిలో బరువు పెంచాడు నాన్న.
నాలుగు రోజులు మిరపకాయ తూచింది అది.
ఐదోరోజు పొద్దున్నే వెళ్ళి వెనక్కి తెచ్చేశాడు.
పూర్ణయ్య తిట్లు బజారంతా విన్నారు,
ఎందుకు తిట్టాడో ఎవరికీ తెలీదు.

తర్వాత చిట్టాలో పేర్లు రాసుకుని
ప్రత్తిపాడు బస్సెక్కి ఊరూరా తిరిగాడు.
ఒకాయన చెంప పగలగొట్టాడు.
ఒకావిడ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని మజ్జిగిచ్చింది.
యల్లమంద మాత్రం లేడు.
కోతలవగానే పోయాడట. వెనకా ముందూ ఎవరూ లేరట.
ఇరవై టిక్కీలు, పదికిలోల కాయ, అయిదొందలు.

హమాలీ బాజీ మామ కొక్కెం భుజానేసుకుని అన్నాడు:
"బీదోళ్ళకి పంచెయ్ ఆచారీ, ఆయన పేరు మీద.
చేర్చాల్సినోడు పైనున్నాడు."
"పైన ఎవరూ లేకపోతే?"
"లేకపోతే ఇంక అప్పెక్కడిది? తాగెయ్."
నాన్న నవ్వలేదు.
"ఎవరూ లేరు బాజీ. అప్పుంది."
"ఎక్కడుంది?"
మిరప ఘాటుకి ఇద్దరూ చాలాసేపు దగ్గారు.
అది జవాబని నేననను.

ఆ రాత్రి బాజీ మామ తన దువాలో
యల్లమంద పేరు కలిపాడని తర్వాత తెలిసింది.
నాన్నకి కలపడానికి చోటులేదు.
క్షమించగలిగిన ఒక్క మనిషీ
చెప్పకుండా వెళ్ళిపోయాడు.
అర్ధరాత్రి లేచి మంచం మీద కూర్చునేవాడు,
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.

ఇప్పుడు పనిముట్ల పెట్టె నాది.
ఆకురాళ్ళ కింద కవరు,
పైన పెన్సిలుతో "యల్లమంద".
ఆ నోటు ఒక రాత్రి టీవీలో చెల్లదన్నారు,
తెల్లారేసరికి కాగితం.
అప్పు కూడా చెల్లదని అలా ఎవరైనా అనగలిగితే
వాణ్ణి దేవుడనాలా, పూర్ణయ్యనాలా?

నాన్నలా కాదు, నేను గుడికెళ్తాను.
కవర్లో కొత్త నోటు పెట్టి
హుండీ దాకా తీసుకెళ్ళాను ఒక శనివారం.
వెనక వరసలో వాళ్ళు కానీమన్నారు.
చెయ్యి రాలేదు.

స్వామికి దణ్ణం పెట్టుకుని తిరిగొచ్చాను.
యల్లమంద డబ్బది.